కోత ఎంత?

సామచేను గట్టు మీద కాలు జారి కామేష్ బురదలో కూలబడ్డాడు. పైనుంచి నవ్వు వినిపించింది.

"లెగు బాబూ. మా కొండకి నిలబడి దండం పెట్టినా సాలు."

ఆ చేను సుక్రుది. నవ్వింది అతని కూతురు కనక. వానకి కొంగు నెత్తిన వేసుకుని కలుపు తీస్తోంది.

రెండు వేల రెండో సంవత్సరం. పార్వతీపురం నుంచి హుకుంపేట మండలానికి సర్వే పని మీద వచ్చాడు కామేష్. తాత్కాలిక ఉద్యోగం. ఒక ప్రాంతం ఎంత పండిస్తోంది, అందుకోసం ఎంత మట్టీ అడవీ నీరూ పోగొట్టుకుంటోంది, వచ్చినదాంట్లోంచి పోయింది తీసేస్తే మిగిలేదెంత, అది ఎందుకు తగ్గుతోంది. ఇదీ తేల్చాల్సింది. వానకి మట్టి కొట్టుకుపోవడాన్ని వాళ్ళ ఆఫీసులో "కోత" అంటారు. అసలైతే చేలో మేకులు పాతి, వానలు వెళ్ళేదాకా ఆగి కొలవాలి. ఆగే ఓపిక పైవాళ్ళకి లేదు. అడిగి రాసుకురమ్మన్నారు.

"మీ చేలో కోత ఎంత?" అనడిగాడు.

కనక నవ్వు ఆగిపోయింది. తల వంచుకుంది.

"అదేటి, అప్పుడే అడిగేత్తన్నావు?"

"అడగడానికేగా వచ్చాను."

"మా అయ్యని అడగవా?"

"నువ్వు చెప్పినా చాలు."

ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. బురద పూసుకున్నా బాగానే ఉన్నాడు.

"మా కొండకున్నంత కోత ఈ సుట్టుపట్ల దేనికీ నేదు. ఏటేటా పెరుగుతాది."

"ఎక్కడిదాకా పోతుంది?"

"కింద పారే గెడ్డ దాటి హుకుంపేట దాకా పోతాది."

కామేష్ జాలిగా రాసుకున్నాడు. "ఇంత కోతతో ఎలా బతుకుతున్నారు?"

"సుకంగా. నువ్వొచ్చినా సరిపోతాది."

ఆ చివరి మాట అతన్ని పట్టుకుని వదల్లేదు. పని అయిపోయినా ఏదో వంకతో కొండెక్కేవాడు. "గొడుగుండి తడుస్తావేటి?" అనేది కనక. "నువ్వు తడుస్తుంటే నాకెందుకు గొడుగు?" అనేవాడు. సుక్రు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

వేసవిలో లెక్కలు తేలాయి. పక్కన క్వారీ వాళ్ళు పేల్చి పిండిచేస్తున్న కొండ బ్రహ్మాండంగా ఉత్పత్తి చేస్తోందట. దాని దుమ్మూ మట్టీ ఎంతని ఎవరూ అడగలేదు. జాబితాలో అట్టడుగున ఉన్నది కనక వాళ్ళ ఊరు. కారణం వాలు మీద సేద్యం. కొండ మూసేసి మొక్కలు నాటాలని, ఈ ఏడు విత్తనం వేయకూడదని ఆర్డరొచ్చింది.

కామేష్ పరుగెత్తుకొచ్చాడు. కనక గుమ్మంలోనే ఆపేసింది.

"ఏటి రాసేవు నా మీద?"

"నువ్వు చెప్పిందే. మట్టి పోతోందన్నావు కదా."

"మట్టి మాట ఎవులెత్తేరు? నువ్వు కోతడిగేవు. పంట కోత సెప్పేను."

అతను నోటుపుస్తకం తీసి ఆ మాట వెతుక్కున్నాడు.

"మా ఊళ్ళో పెళ్ళికాని గుంటని కోతెంతని అడిగితే సేసుకుంతానని అర్తం. నచ్చనోడికి నేదంతాం. నచ్చినోడికి గొప్పగా సెప్తాం." ఆమె గుమ్మంలోంచి లోపలికి తిరిగింది. "ఉన్నదానికి మూడింతలు సెప్పేను."

కామేష్ ఆ రోజే ఆఫీసుకెళ్ళి, తప్పు తనదని, వానల్లో మేకులు పాతి మళ్ళీ కొలుస్తానని మొత్తుకున్నాడు.

"ఒక్క మాట తేడా వస్తే ఏజెన్సీ మొత్తం మళ్ళీ కొలుస్తామా?" అన్నాడు పై అధికారి సత్యనారాయణ. "రిపోర్టు వెళ్ళిపోయింది. తప్పు నీదన్నావు కాబట్టి నువ్వూ వెళ్ళిపో."

వానలు పడ్డాయి. విత్తే చేను లేక సుక్రు కుటుంబం పల్లానికి ఊడుపుల కూలికి బయల్దేరింది. మొక్కల కోసం గోతులు తవ్విన కొండ మీంచి ఎర్రటి నీళ్ళు గెడ్డలోకి దిగుతున్నాయి. జీపు కదలబోతుంటే కామేష్ సంచితో వచ్చి నిలబడ్డాడు.

"మామా, కనకని చేసుకుంటాను."

సుక్రు కొండవైపు చూశాడు.

"ఇయ్యడానికి నాకాడేటీ నేదు. తీసుకోడానికి నీకాడా ఏటీ నేదు." మూట ఒళ్ళోకి తీసుకుని పక్కకి జరిగాడు. "బేగి ఎక్కు. తడుత్తన్నావు."

కనక మొహం తిప్పుకునే ఉంది. ఘాటీ మలుపులన్నీ దిగాక నోరు విప్పింది.

"ఊడుపొచ్చా?"

"రాదు."

"నడుం ఇరిగిపోతాది."

"సరే."

"నీ మీద కోపం ఇప్పుడప్పుడే పోదు."

"ఉండనీ."

ఆమె కొంగు పిండుకుని, పొడిగా ఉన్న అంచు అతని మీద పడేసింది.