క్యూ, ఎక్స్, వై

షారన్ కావలిలోని డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చేసరికి ఆమె చేతిలో ఇంకా పెన్ను ఉంది. మూత పెట్టడం మరిచిపోయింది.

"సాయంత్రం లోపల తేల్చకపోతే నా పేరు కొట్టేస్తారంట మేడమ్. బిట్రగుంటలో అందరూ నన్ను దొంగంటా ఉండారు."

డిటెక్టివ్ రేవతి కుర్చీ చూపించింది. అసిస్టెంట్ సుశీల్ కుమార్ మంచినీళ్ళు తెచ్చాడు.

షారన్ మందుల షాపులో ఫార్మసిస్టు. ఆ ఉదయం రైల్వే కాలనీ హాల్లో చర్చివాళ్ళు ఏటా పెట్టే ఇంగ్లీషు మాటల పోటీ జరిగింది. సంచిలోంచి మూడు అక్షరాలు తీస్తారు. గంట కొట్టేలోగా ఆ మూడూ ఉన్న మాట రాయాలి. ఎవరి మాట పొడుగైతే వాళ్ళదే కప్పు. ఆఖరి ఆటలో క్యూ, ఎక్స్, వై వచ్చాయి. షారన్ వెంటనే 'హైడ్రాక్సీక్లోరోక్విన్' అని రాసింది.

"కరోనాలో రోజూ అమ్మిన మాత్ర మేడమ్! అక్షరాలు నాకు ముందే తెలుసంటాడు, పోటీలో ఓడిపోయిన ఆండ్రూ అన్న."

గంటలో ముగ్గురూ బిట్రగుంట చేరారు. అక్షరాలు తీసిందీ గంట కొట్టిందీ చర్చి పెద్ద సమాధానం, రిటైరైన రైల్వే గార్డు. ఆయన భార్య మగ్దలీనమ్మ రిటైరైన నర్సు. ఆమె కూడా పోటీలో ఉంది. హాలు పక్క వంటింట్లో భోజనాలకు చేపల పులుసు ఉడుకుతోంది, బల్ల మీది అక్షరాల సంచి కూడా నీచు వాసన వేస్తోంది.

"వండేదానికి చేపలెవరు తెచ్చారు?" అంది రేవతి.

"నేనే. తెల్లారే జువ్వలదిన్నె పోయి పండుగప్ప తెచ్చినా, ఐసు పెట్టెలో," అన్నాడు సమాధానం.

చేపలకీ దీనికీ సంబంధమేమిటో సుశీల్‌కు తెలియలేదు. రేవతి సంచి తీసింది. అందులో రైల్వే షెడ్డులో అక్షరాలు అచ్చుకొట్టిన ఇనుప బిళ్ళలున్నాయి. సంచి అడుగు తడిగా ఉంది. వంటింటి పిల్లి వచ్చి దాన్ని నాకసాగింది.

"పిల్లికి ఇంగ్లీషు రాదు కదా," అంది రేవతి. తర్వాత జవాబు కాగితాలు చూసింది. మగ్దలీనమ్మ కాగితం మీద కూడా షారన్ రాసిన మాటే, సగంలో ఆగిపోయి ఉంది.

సాయంత్రం అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. "ఆండ్రూ గారూ, కళ్ళు మూసుకుని క్యూ, ఎక్స్, వై తీయండి."

"నేనేమన్నా మంత్రగాడినా?" అంటూ ఆండ్రూ సంచిలో చెయ్యి పెట్టాడు. "అబ్బా, జిల్లుమంటా ఉండాయే!" అతని చేతికి మూడు బిళ్ళలు వచ్చాయి. క్యూ, ఎక్స్, వై.

"ఆ మూడూ ఇప్పుడే ఐసులోంచి తీసి వేశాను. పొద్దున కూడా ఎవరో ఇదే చేశారు. ఐసు పెట్టె తెచ్చినవారూ, సంచిలో చెయ్యి పెట్టినవారూ ఒక్కరే. షారన్ కోసం కాదు. సగం మాట రాసినవారి కోసం."

సమాధానం లేచి నిలబడ్డాడు. "మా ఆమె ఏటా ఓడిపోయి రెండ్రోజులు నాతో మాట్లాడదమ్మా! ఆ మాత్ర పేరుకి అక్షరాలు పడితే కప్పు నాదే అని ఇంట్లో ఒకటే పోరు. షారన్‌కి ఏమీ తెలీదు."

ఆండ్రూ షారన్ దగ్గరికి వెళ్ళి, "తప్పయింది చెల్లీ," అని కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. హాలంతా చప్పట్లు.

మగ్దలీనమ్మ మాత్రం భర్త వైపు చూస్తోంది. "బిళ్ళల్ని ఐసులో పెట్టినావు, బాగుండాది. నేను రాస్తానే ఉండా కదయ్యా! ఇంకాసేపు గంట కొట్టకుండా ఉండలేకపోయినావా?"

"టైమయిపోయింది కదే," అన్నాడు సమాధానం. "గార్డు పని చేసినోణ్ణి. టైము దగ్గర మోసం ఎట్టా చేసేది?"