తువ్వాల కింద బేరం

పసుపు కొమ్ము ఫట్టున విరిగిన చప్పుడుకు ముందు బల్ల మీద కూర్చున్న అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అప్పటికే ఆలస్యమైంది. వానలో తడిసిన ఆమె తెల్లచీర మీద, భుజం దగ్గర, పసుపు పొడి పడి రంగు మెల్లగా పాకుతోంది.

"ఇది క్లాసా, గంజ్ బజారా?" అంది ఆ అమ్మాయి.

"సార్ శాంపిల్ చూడమన్నడు. చూస్తున్న" అన్నాడు హనోకు. కొమ్ము రెండు ముక్కలూ ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి.

"చూసుడంటే విరుసుడా?"

"పసుపును ఉత్త కండ్లతోటి చూడరు. విరిస్తే చప్పుడు రావాలె. వచ్చింది. మంచి సరుకు."

"సరుకు మంచిదే. చీర సంగతి చెప్పుండ్రి."

హనోకు కొంచెం ఆలోచించాడు. "ఎండల ఆరేస్తే పోతది."

బయట వాన ధారగా కురుస్తోంది. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వబోయి, కోపం గుర్తొచ్చి ముందుకు తిరిగింది. ఆమె పేరు శారమ్మ.

అది డెబ్భై ఒకటో సంవత్సరం వానాకాలం. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయం తన వ్యాపార నిర్వహణ శాఖలో కొత్తగా విదేశీ వ్యాపార పరిశోధన కేంద్రం తెరిచింది. నిజామాబాదు పసుపు, బోధన్ చక్కెర సముద్రం దాటి పోవాలంటే ఏం చేయాలో ఇక్కడి వాళ్ళకు నేర్పమని ఆత్మారాం అనే లెక్చరర్‌ను నిజామాబాదుకు పంపింది. ఆయన ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక బడి హాల్లో ఎగుమతి వ్యాపారం మీద మూడు నెలల కోర్సు నడిపేవాడు. గంజ్ బజారులో రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాల పిల్లలు, బ్యాంకు గుమస్తాలు, సహకార సంఘం వాళ్ళు చేరారు. కోర్సు చివరి పరీక్షలో మొదట వచ్చిన ఒక్కరికి హైదరాబాదులో ఏడాది డిప్లొమా, అందులో రెండు నెలలు హాలెండు దేశంలోని రాటర్‌డామ్ రేవులో శిక్షణ. ఖర్చంతా కేంద్రానిదే.

శారమ్మ ఆ సీటు కోసమే బోధన్ నుంచి బస్సెక్కి వస్తోంది. వాళ్ళ నాన్న జీవరాజు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చిన్నప్పటి నుంచి చక్కెర బస్తాలు రైలెక్కి పోవడం చూసింది. అవి ఎక్కడ దిగుతాయో ఒక్కసారైనా చూడాలని ఆమె కోరిక.

హనోకు సీటు కోసం రాలేదు. వాళ్ళ నాన్న దేవయ్య గంజ్‌లో దలాల్. ఆయన పోయి ఏడాది కాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోకుండా నలుగురిలో పడతాడని అడ్తి దుకాణం నర్సన్న బలవంతం మీద చేర్పించాడు. హనోకు భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్ర గళ్ళ తువ్వాల ఉండేది. అది నాన్నది. దాన్ని ఇంట్లో పెట్టి బయటికి రావడం అతనికి ఇంకా చేతకాలేదు.

ఆత్మారాం పాఠం చెప్పే పద్ధతి వేరు. ఒకరిని విదేశీ కొనుగోలుదారుగా, ఇంకొకరిని ఇక్కడి అమ్మకందారుగా కూర్చోబెట్టి బేరం చేయించేవాడు. కొనేవాళ్ళుగా ఎవరుంటారని అడిగితే శారమ్మ లేచింది. అమ్మేవాడిగా ఆయనే హనోకును లేపాడు.

"రాటర్‌డామ్ వాడికి నీ ముఖం కనపడదు. నోటితో చెప్పనిది లేనట్టే" అన్నాడు సార్. "మొదలుపెట్టండి."

"మీ సరుకు ఎప్పుడు ఓడ ఎక్కుతది?" అంది శారమ్మ.

"ఎక్కుతది" అన్నాడు హనోకు.

"ఎప్పుడు?"

"జల్దిగనే."

"దారిల తడిస్తే నష్టం ఎవరిది?"

హనోకు తల గోక్కున్నాడు. "తడువనియ్యం."

"సముద్రంల వాన పడదా? నా చీరనే ఎండబెట్టుకోమన్నరు, ఓడను కూడ ఎండబెట్టుకోమంటరా?"

ఆ రోజు బేరం అక్కడే ఆగింది.

క్లాసు అయ్యాక బస్టాండు ముందరి హోటల్లో శారమ్మ చాయ్ తాగుతుంటే హనోకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కూసోవచ్చా?"

"నోటితోనే అడిగిండ్రు. కూసోండ్రి."

"నాకు మాట్లాడుడు రాదని కాదు" అన్నాడు కూర్చుంటూ. "మా కాడ బేరం మాటలతోటి చెయ్యరు. దలాల్ తన చెయ్యి మీద తువ్వాల కప్పుతడు. కొనేటోడు దాని కింద చెయ్యి పెడుతడు. ఎంత ధర అనేది వేళ్ళు ఒత్తి చెప్పుకుంటరు. పక్కన నిలబడ్డోనికి ఏం తెలువది. ఇద్దరికి సమ్మతమైతే ఒప్పుకున్ననని ఒక్క మాట. ఇగ ఆ మాట తిరగదు. ఇల్లు మునిగినా తిరగదు."

"మీ నాయిన కూడ గట్లనే చేసేదా?"

"మా బాపు తువ్వాల కింద ఒప్పుకున్న మాట ఒక్కటి కూడ తప్పలే."

అతను భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. ఆమె ఇంకో చాయ్ చెప్పి, సాసర్ అతని వైపు జరిపింది.

ప్రతి శనివారం ఇట్లాగే గడిచింది. క్లాసులో ఆమె గెలిచేది. చాయ్ దగ్గర అతను కొంచెం కోలుకునేవాడు. ఓడ బీమా అంటే ఏమిటో ఆమె బల్ల మీద చాయ్ మరకతో బొమ్మ గీసి చెప్పేది. అతను బొమ్మ చూస్తున్నట్టు తల వంచి, గీసే వేలిని చూసేవాడు. బోధన్ బస్సు వస్తే ఆమె లేచేది. ఒకసారి బస్సు వచ్చినా లేవలేదు.

"బస్సు పోతుంది" అన్నాడు హనోకు.

"ఇంకోటి వస్తది."

"అది లేటయితది."

"నేను పోవాల్నా ఏంది?"

"నేను గట్లన్ననా?"

"మరి ఎట్లన్నరు?"

అతను ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు. ఆమె పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది. కిటికీ బయట వాన మళ్ళీ మొదలైంది.

చివరి శనివారం పరీక్ష చూడడానికి హాలెండు నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. గంజ్ పెద్దలు కూడా వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. హాలంతా నిండిపోయింది. బేరమే పరీక్ష. తమ వంతు రాగానే శారమ్మ, హనోకు ఎదురెదురుగా కూర్చున్నారు.

ఈసారి అతను బాగానే మాట్లాడాడు. ఓడ ఎప్పుడు, బీమా ఎవరిది, తడిస్తే ఏం చేయాలి, అన్నీ చెప్పాడు. నర్సన్న పక్కవాడితో, "మన దేవయ్య కొడుకే గద" అని మురిసిపోయాడు. ఇక ధర ఒక్కటే మిగిలింది.

"ఆఖరి ధర చెప్పుండ్రి" అంది శారమ్మ.

ఆ మాట వినగానే హనోకు చెయ్యి భుజం మీదికి పోయింది. తువ్వాల బల్ల మీద పరుచుకుంది. దాని కింది నుంచి అతని అరచెయ్యి ముందుకు జరిగింది. కాలు మీద కాలు వేసుకున్నంత మామూలుగా అతను ఆ పని చేశాడు.

ఎదురుగా ఉన్నది గంజ్ సేటు కాదు, శారమ్మ అని అతనికి గుర్తొచ్చేసరికి, ఆమె తువ్వాల అంచు ఎత్తి తన చెయ్యి లోపల పెట్టింది.

ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. తువ్వాల కింద రెండు చేతులూ ఊరికే ఉన్నాయి. ధర ఎంతో, అది ఏ వేలితో చెప్పాలో హనోకుకు తట్టలేదు.

శారమ్మ చెయ్యి తీసింది. "ఒప్పుకున్న" అంది.

వెనక కుర్చీల్లోంచి ఈలలు, నవ్వులు. ప్రొఫెసరు ఇంగ్లీషులో ధర ఎంతని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఒకరు చెప్పిన ధర ఇంకొకరి ధరతో కలవలేదు.

"ధర లేని కాంట్రాక్టు ప్రపంచంలో ఇదొక్కటే" అన్నాడు ఆత్మారాం.

శారమ్మ ముఖం ఎర్రబడింది గాని తడబడలేదు. లేచి నిలబడి, తువ్వాల బేరం అంటే ఏమిటో, సంతకం లేకుండా ఇక్కడి వాళ్ళు మాట ఎట్లా నిలుపుకుంటారో ప్రొఫెసరుకు ఇంగ్లీషులో వివరించింది. ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఆమె దేనికీ ఆగలేదు. సాయంత్రం ఫలితం చెప్పారు. శారమ్మ మొదట, హనోకు రెండు. వచ్చే శనివారం శారమ్మ ఇంటి పెద్ద వచ్చి ఒప్పుకుంటే సీటు ఖాయమని సార్ చెప్పాడు.

ఆమెకంటే ముందు హాల్లో జరిగిన కబురు బస్సెక్కి బోధన్ చేరింది. కాకపోతే సీటు సంగతి ఎవరూ చెప్పలేదు. జీవరాజు బిడ్డ చెయ్యి తువ్వాల కింద ఇచ్చి పెండ్లికి ఒప్పుకున్నదట అని చెప్పారు.

బుధవారం నాడు ఆత్మారాం హనోకును ఊళ్ళోని తన గదికి పిలిపించాడు. "శారమ్మ నాన్న పంపనంటున్నాడట. ఆమె రాకపోతే సీటు నీది."

"నాకు వద్దు సార్."

"ఎందుకు?"

"గెలిసింది ఆమె. నేను బోధన్ పోయి వస్త."

మరునాడు అతను బోధన్ చేరేసరికి జీవరాజు ఇంటి అరుగు మీద పాత గుడ్డతో చేతుల జిడ్డు తుడుచుకుంటున్నాడు. అది ఫ్యాక్టరీ మిషన్లు విప్పి బాగుచేసే కాలం. లోపల భార్య ఎల్లవ్వ బియ్యం చెరుగుతోంది.

"నేను హనోకును. గంజ్ దలాల్ దేవయ్య కొడుకును."

జీవరాజు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "గా తువ్వాల నీదేనా?"

"నాదే."

"గదే తువ్వాల ఏసుకుని మా ఇంటికే వచ్చినవ్. కూసో."

"తప్పు నాది, ఆమెది కాదు" అన్నాడు హనోకు నిలబడే. "ధర అనంగనే చెయ్యి దానంతట అదే పోయింది. ఎదురుంగ ఆడిపిల్ల ఉన్నదన్న సోయి లేదు."

"నీకు లేకుంటే మాయె. బస్సుల ఉన్నోళ్ళందరికి ఉన్నది. మొన్న చర్చి కాడ పాస్టర్ అయ్యగారు సుత అడిగిండు, పెండ్లి ఎప్పుడని. ఏం చెప్పాలె?"

"సీటు పోతది. ఆమె పోకుంటే నాకిస్తమన్నరు. నేను వద్దని చెప్పి వచ్చిన."

జీవరాజు చేతులు తుడుచుకోవడం ఆపాడు. ఎల్లవ్వ చాట పట్టుకునే గడప దాకా వచ్చింది.

"పిలగాడు మంచిగనే కనవడుతుండు. మన చర్చోడే" అంది భర్తతో. "పెండ్లి చేస్తే అందరి నోర్లు మూతపడుతయి గద."

"నోర్లు మూపియ్యనీకి నాకు పెండ్లి వద్దవ్వా" అని లోపలి నుంచి శారమ్మ గొంతు వినపడింది. తరువాత ఆమే వచ్చి తల్లి వెనక నిలబడింది. "గట్ల చేసుకుంటే నేను హైదరాబాదు పోయేది ఉండదు, ఆయన జన్మంత తప్పు చేసినోని లెక్కనే ఉంటడు."

హనోకు ఆమె వైపు చూశాడు. ఇంతమంది ముందు నోరు తెరవాలంటే అతనికి కష్టం. అయినా తెరిచాడు.

"ఆమె అన్నది సరియే. నేను పెండ్లి అడగనీకి రాలే" అన్నాడు జీవరాజుతో. "అడగాలని లేక కాదు. శారమ్మ అంటే నాకిష్టం. గా ముచ్చట వేరే, సీటు వేరే. ఆమె పోయి చదువుకోవాలె. ఓడలు చూసి రావాలె. ఏడాదికి తిరిగొచ్చినంక మీ ఇంటికొచ్చి అడుగుత. అప్పుడు వద్దంటే వద్దు."

"వద్దంటే గంజ్‌ల నీ పరువేం గాను?"

"రెండు దినాలు నవ్వుతరు. పసుపు సీజన్ వస్తే ఎవని పని వాడు చూసుకుంటడు."

జీవరాజు బిడ్డ ముఖం చూశాడు. ఆమె తల వంచుకోలేదు. "నేను పోత బాపు" అంది.

ఆయన జిడ్డు గుడ్డ పక్కన పడేసి, "బియ్యం చెరిగింది చాలు, పొయ్యి మీద పెట్టు" అన్నాడు భార్యతో. "పిలగాడు పొద్దున బస్సెక్కినట్టున్నడు."

శనివారం జీవరాజు బిడ్డను పక్క సందులోంచి తీసుకురాలేదు. గంజ్ నడిమధ్య నుంచి నడిపించుకుంటూ వచ్చాడు. అడ్తి దుకాణాల ముందు మాటలు ఆగిపోయాయి. నర్సన్న లేచి వచ్చి పలకరించాడు.

"రా జీవరాజన్నా. పెండ్లి ఎప్పుడు?"

"బిడ్డ చదువుకు పోతుంది నర్సన్నా. పెండ్లికి తొందర లేదు."

"గట్లెట్ల? తువ్వాల కింద ఒప్పుకున్న మాట తిరగదు మరి."

"తిరగదు గనుకనే తొందర లేదంటున్న" అన్నాడు జీవరాజు.

నర్సన్న ఒక్క క్షణం ఆలోచించి పెద్దగా నవ్వాడు. దుకాణాల ముందు నిలబడ్డ వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఎవరో జీవరాజుకు కుర్చీ వేశారు, ఇంకెవరో చాయ్ చెప్పారు. ఆయన చాయ్ తాగి మరీ హాలుకు పోయాడు, ఆత్మారాంతో "పంపుతున్న" అని ఒక్క మాట చెప్పాడు.

తండ్రి సార్‌తో మాట్లాడుతుంటే శారమ్మ వరండాలోకి వచ్చింది. హనోకు స్తంభానికి ఆనుకుని సన్నని తుంపరను చూస్తున్నాడు.

"ఒకటి అడుగుత" అన్నాడు. అతను ఆమెను నువ్వు అనడం అదే మొదలు. "ఆ దినం తువ్వాల కింద నేను ఏ వేలు ఒత్తలే. ఏం అడగలే. నువ్వెందుకు ఒప్పుకున్నవ్?"

శారమ్మ చెయ్యి చాపి తుంపర పట్టుకుంది.

"నువ్వు అడుగుతవని మూడు నెలలు చూసిన" అంది. "ఇంకెన్ని దినాలు చూడాలె?"