జయకుమారి పేరిట వచ్చిన కార్డు

"ఊరంతా నీ కంప్యూటర్లోనే ఉంటుందిగా. ఈ జయకుమారి ఎవరో కొట్టి చూడు" అంటూ ప్రేమ్‌చంద్ పాత పోస్టు కార్డొకటి సచివాలయంలో స్తుతి బల్ల మీద పెట్టాడు. వాళ్ళ నాన్న కొన్న పాత పోస్టాఫీసు ఇల్లు పడగొడుతుంటే బీరువా వెనక దొరికిందట.

స్తుతి చదివింది. 'జయా, నువ్వు ఊఁ అంటే ఆదివారం మా ఇంట్లో చెప్పేస్తాను. జవాబు రాయి. బుల్లయ్య.'

"కంప్యూటర్లో ఉండేది రేషన్ కార్డు పేరు. జయకుమారి చర్చి పేరు. మా పేటలో అందరికీ రెండేసి ఉంటాయి. హైస్కూలంతా మా పక్క వరసలో కూర్చున్నావు, ఇదీ తెలీదా?"

"అయితే నీ రెండో పేరేంటి?"

"వెతుక్కో."

వాళ్ళిద్దరూ ఆదివారాల్లో బండి మీద తిరిగారు. బుల్లయ్య పోయాడని తెలిసింది. మరుసటి వారం ప్రేమ్‌చంద్ వాళ్ళు వినుకొండలో పిల్లను చూడబోతున్నారని కూడా స్తుతికి ఎవరో చెప్పారు, అతను చెప్పలేదు. ఒక్క మాట అంటాడేమోనని దారి పొడుగునా చూసేది. అతను మబ్బుల్ని చూసి, కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పాలనేవాడు.

చర్చిలో ఒక ముసలావిడ చెప్పిన ఆనవాలుతో చివరికి పెదకాకాని వెళ్ళారు. జయకుమారి అక్కడ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అప్పట్లో వాళ్ళ ఊళ్ళో అందరికీ ఆమె వెంకటేశ్వరమ్మే. పోస్టుమాన్‌కీ అంతే, అందుకే కార్డు పోస్టాఫీసులోనే ఉండిపోయింది. క్రిస్మస్ పాటలప్పుడు చర్చి పేరు విని, బుల్లయ్య ఒక్కడే ఆ పేరుతో పిలిచేవాడు.

స్తుతి కార్డు చదివి వినిపించింది. ఆమె చేతిలోని కాయను కింద పెట్టింది.

"అతను పలకరించటం మానేస్తే, మా పేట గుర్తొచ్చిందేమో అనుకున్నానే. నేనే కాదన్నాననుకుని పోయాడన్నమాట."

తర్వాత ప్రేమ్‌చంద్ వైపు చూసింది. "ఈ అబ్బాయి నీకేమవుతాడు?"

స్తుతి ఆ జవాబు అతనికి వదిలేసింది.

"మాది ఒకే ఊరండి. కార్డు దొరికితే తోడొచ్చాను" అన్నాడు ప్రేమ్‌చంద్.

ఆమె మళ్ళీ కాయలు చేతిలోకి తీసుకుంది.

"బుల్లయ్యే నయం. రాయటమన్నా రాశాడు."

బయటికొచ్చాక అతను బండి తీశాడు. స్తుతి రోడ్డు దాటి బస్సు కోసం నిలబడింది.

"ఎక్కు స్తుతీ. వాన వచ్చేట్టుంది."

"నువ్వు పో. మీ కాయలు తడుస్తాయి."

బస్సొచ్చింది. స్తుతి ఎక్కి, అతను కనిపించని వైపు కూర్చుంది.