కుడి కాదు, గుడి

"జెసింత!... ఎవురీ జెసింత?"

ఉతకడానికి తీసిన చొక్కా జేబులో దొరికిన చీటీ పట్టుకుని హేమమాలిని మగ్గం పక్కనే కూలబడిపోయింది. గుడియాత్తంలోని ఆ నేత ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. ఏది రాసుకున్నా తమిళ అక్షరాల్లోనే. భర్త మోహన్‌రాజ్ రాత అది. 'తొరపాడి, శనివారం నాలుగు, కుడి, జెసింత.' తమిళంలో కుడి అంటే తాగుడు!

అతను చుక్క ముట్టక నలభై రోజులైంది. ఆమె ఎన్ని శుక్రవారాలు పస్తులుంది! ఎన్ని పొర్లుదండాలు పెట్టింది! అప్పుడు మానని మనిషి ఇప్పుడు తనంతట తాను మానాడు. సంతోషించాల్సిందే... కానీ ఎవరి కోసం మానాడు? రోజూ పొద్దున్నే ఫోను పట్టుకుని వీధిలోకి పోయి గుసగుసలు! శనివారమొస్తే ఇస్త్రీ చొక్కా, వేలూరులో లుంగీలు ఇచ్చి వస్తానని బస్సెక్కడం! అంటే మానలేదన్నమాట... కలిసి తాగడానికి ఒకతె దొరికింది!

"మొగుడు తాగినా ఏడుపే, మానినా ఏడుపే! ఇంకేం కావాల నీకు?" అంది అత్త, కండెలు చుడుతూ.

"పోతే పోయేది నా మొగుడు కదత్తా!"

ఆ రోజు శనివారమే. అతను అప్పటికే వెళ్ళిపోయాడు. హేమ తరువాతి బస్సెక్కింది. పళ్ళికొండ దాటేసరికి నిశ్చయించుకుంది. చీటీలో ఉన్నది నిజమైతే ఇక ఆ ఇంటి గడప తొక్కదు. అటునుంచి అటే పుట్టింటికి!

వేలూరు పక్కనున్న తొరపాడిలో దిగి, గుడి ముందు పూలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళింది. "ఈడ బ్రాందీ కొట్టు యాడుండాదమ్మా?"

"గుడి ముందర నిలబడి అడిగే మాటేనా అది! పూలు కావాలంటే చెప్పు, రెండు మూరలు ఇస్తా."

అప్పుడే గుడి పక్క సందులోంచి నవ్వు వినిపించింది... మోహన్‌రాజ్ నవ్వు! ఆ నవ్వు విని ఎన్నేళ్ళయింది! పరుగున వెళ్ళి చూసింది. అతను ప్లాస్టిక్ కుర్చీలు మోస్తున్నాడు. ఎదురుగా ఒకావిడ టీ గ్లాసులు సర్దుతోంది.

"జెసింతా అంటే నువ్వేనా?"

ఆవిడ తిరిగి చూసింది. నెరిసిన జుట్టు, దళసరి కళ్ళజోడు. అరవై దాటి ఉంటాయి. ఆ వయసు చూసి హేమ కడుపులో మంట చల్లారాల్సింది. చల్లారలేదు. ఈ ముసలావిడ కోసమా నవ్వింది?

"హేమా! నువ్వెట్లా..." మోహన్‌రాజ్ చేతిలో కుర్చీలు జారిపోయాయి.

ఆమె చీటీ విసిరికొట్టింది. "కుడి అని నీ చేత్తోనే రాసినావు కదయ్యా! ఇద్దరూ కూర్చుని తాగండి, నా కళ్ళముందరే తాగండి!"

అతను చీటీ తీసి చూశాడు. "కుడి కాదు మే... గుడి! గుడి పక్కన, తాగుడు మానేవాళ్ళ మీటింగని రాసుకున్నా. తమిళంలో 'క'కీ 'గ'కీ ఒకే అక్షరం కదా!"

"నేనూ తాగినదాన్నేనమ్మా," అంది జెసింత తమిళంలో. "మాని తొమ్మిదేళ్ళు. తాగాలనిపిస్తే తాగకముందు నాకు ఫోన్ చెయ్యమన్నాను. రోజూ చేస్తున్నాడు."

అతను తల వంచుకున్నాడు. "మన ఊళ్ళో మీటింగుకి పోతే నూలు కొట్టాయన ఎదురుగా కూర్చోనుండె, నోరు రాలా. లత్తేరిలో అందరూ నాకు బుద్ధి చెప్పేవాళ్ళే. వేలూరులో ఇంగ్లీషు. ఈడికొచ్చినాకనే నోరు తెరుచుకునింది."

"నాకెందుకు చెప్పలా?"

"నీ తలమీద చెయ్యిపెట్టి మూడుసార్లు ఒట్టేసినా. మూడూ తప్పినా. మళ్ళీ చెప్తే నువ్వు మళ్ళీ నమ్ముతావు... ఆ నమ్మే మొగం చూళ్ళేక..."

హేమ కళ్ళు నిండాయి. కానీ గుండెలో ముల్లు మాత్రం అలాగే ఉంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళకి చెప్పుకున్నాడే... పదకొండేళ్ళు పక్కనున్నదానికి చెప్పలేదే! తన పస్తులు వినని దేవుడు, ఈ కుర్చీల మధ్య మాత్రం ఎట్లా విన్నాడు?

"ఆ గదిలో తాగేవాళ్ళ ఇంటి ఆడవాళ్ళ మీటింగు జరుగుతుంది. వెళ్ళమ్మా," అంది జెసింత.

"నాకేం రోగం?" అంది హేమ. అన్నదే గానీ, బస్టాండుకేసి కాళ్ళు కదల్లేదు.

గదిలో నలుగురు ఆడవాళ్ళు. ఒక్కొక్కరూ పేరు చెప్పుకున్నారు. ఆమె వంతు వచ్చింది.

"హేమమాలిని... నా మొగుడు ఇప్పుడు తాగడం లేదు. మరి నాకెందుకో కడుపుమంట! నేను ఏడిస్తే మానలా. ఆయమ్మ టీ ఇస్తే మానినాడు!" చెప్పేసి సిగ్గుతో కొంగులో ముఖం దాచుకుంది.

మూలనున్న చిన్నది ఫక్కున నవ్వింది. "నాది మూడేళ్ళ మంటక్కా! మా ఆయన పుట్టినరోజు మరిచిపోతాడు, మానిన రోజు మరిచిపోడు. ఆ రోజు కేకు కూడా ఆ మీటింగోళ్ళకే!"

హేమకి ఏడుపులోనే నవ్వొచ్చింది. గోడ అవతల మోహన్‌రాజ్ గొంతు మొదలైంది. ఏం చెబుతున్నాడో విందామని చెవి అటు పోయింది... బలవంతాన ఇటు తిప్పుకుంది. కుర్చీ ఆ పిల్ల దగ్గరికి లాక్కుంది.

"నీ పేరేమంటివి పాపా? మొదట్నుంచీ చెప్పు."