ఎడమచేతి న్యాసం

పొద్దున్నే కాఫీ గ్లాసుతో కోడలు గదిలోకి వెళ్లేసరికి అత్తగారు మేలుకునే ఉంది. పక్షవాతం వచ్చి ఆమెకు కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మిగిలిన ఎడమచెయ్యి మంచం కమ్మీకి కట్టి ఉంది. ఆ పట్టీ కుట్టింది కొడుకే. దర్జీ కదా, తల్లి చర్మం ఒరుసుకోకుండా లోపల దూది పెట్టి మరీ కుట్టాడు. ప్రేమకేం తక్కువ లేదు, ఆలోచనకే కరువు.

ఆ రోజే కూతురు తల్లిని చూడ్డానికి వచ్చింది. పట్టీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరే తమ్ముడూ, అమ్మనెందుకురా కట్టేశావు?"

అతను నోరు తెరిచేలోగా కోడలు అందుకుంది. "నన్ను చూస్తే చాలు, గుండె బాదుకునేవారు వదినా! తల కొట్టుకోవడం, భుజాలు చరుచుకోవడం, ఆఖరికి మంచమ్మీద ఠపీమని ఒకటి! ఇంత చాకిరీ చేస్తున్నదానికి నేనంత పాపం ఏం చేశాను?"

"దెబ్బలు తగిలించుకుంటుందని కట్టానక్కా. పదిరోజులైంది," అన్నాడు దర్జీ.

"కట్టకముందు రోజూ ఇదే వరసా? గుండె, తల, భుజాలు, తర్వాత కళ్లు?"

"అవును. స్నానం చేయించి కూర్చోబెట్టగానే మొదలెట్టేవారు," అంది కోడలు.

కూతురు కుర్చీలో కూలబడింది.

"అది న్యాసం రా. న్యాసమంటే ఉంచడం. జపానికి ముందు అమ్మవారిని ఒంట్లో ఉంచుకుంటారు. నా గుండెలో ఉండు తల్లీ, నా తలలో ఉండు, నా కళ్లలో ఉండు అని ఒక్కోచోటా తాకి పిలుచుకుంటారు. చెడు దగ్గరికి రాకుండా చివర్లో ఒక అరచేతిమీద రెండో చేత్తో కొట్టి చప్పుడు చేస్తారు. రెండో చెయ్యి లేక మంచాన్ని కొట్టింది. ఎప్పుడూ తలుపేసుకుని చేసేది, నన్నొక్కదాన్నే పక్కన కూర్చోనిచ్చేది, మీకెలా తెలుస్తుంది?"

"అయ్యో అత్తయ్యా! నన్ను తిడుతున్నారనుకున్నానే!" కోడలు ఆమె కాళ్లమీద పడి భోరుమంది.

ముడి విప్పేదాకా దర్జీ ఆగలేదు. కత్తెర తెచ్చి పట్టీ కత్తిరించాడు.

"తప్పయిపోయిందమ్మా. చేసుకో."

చెయ్యి లేవలేదు. తల్లి దానివైపు చూసింది, తర్వాత కొడుకువైపు చూసింది. పదిరోజులు కదలనివ్వని చెయ్యి కదలడమే మానేసింది.

అతను దాన్ని ఎత్తి ఆమె గుండెమీద పెట్టాడు. "ఏమనాలక్కా?" అన్నాడు. అక్క కొంగులో ముఖం దాచుకుని ఏడుస్తోంది. అతనికి తెలిసిన మాట ఒక్కటే.

"అమ్మా," అన్నాడు.

తలమీద పెట్టి, "అమ్మా" అన్నాడు. భుజాలమీద పెట్టీ అదే అన్నాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ అరచెయ్యి తడిసిపోయింది. దాన్ని అక్కడే పట్టుకుని అతను వెక్కివెక్కి ఏడ్చాడు.