పలమనేరు అడ్రసు

“ఈ మద్యాన్నం పన్నెండుకి కృపామణి అడ్రసు చేతులు మారతాది,” అంటూ ఫైలు బల్లమీద పడేసింది చిత్తూరు సీక్రెట్ సర్వీస్ చీఫ్ యశోదమ్మ.

2008. ‘మనబంధం’ అనే సోషల్ నెట్‌వర్కింగ్ సైటు. జిల్లాలో నలభై వేలమంది అందులో ఫోటో, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు నింపారు. ఎవరికీ చూపించనని సైటు మాటిచ్చింది. ఇప్పుడు అవన్నీ ఒక విదేశీ ముఠాకి అమ్ముతోంది. కృపామణిని చెయ్యి విరగ్గొట్టి తరిమిన మొగుడు, ఆమె పలమనేరులో ఎక్కడ దాక్కుందో చెప్పమని ఆ ముఠాకి అప్పుడే అడ్వాన్సు ఇచ్చాడు.

ఏజెంట్ వెంకటముని ఫైలు తెరిచాడు. “సైటు ఓనరేమంటాడు మేడం?”

“వాళ్లే ఇచ్చినారు, ఇంక అది మా సొత్తు అంటాడబ్బా. నవ్వతా చెప్పినాడు! దొరికిపోతామని సర్వర్లో అడ్రసులన్నీ తుడిచేసినారు. మిగిలింది ఒక్క పెన్ డ్రైవ్. తెచ్చేది ధరణి.”

ధరణి! డిపార్ట్‌మెంటు జీతం తింటూ ముఠాకి పనిచేసే డబుల్ ఏజెంట్. అందగత్తె. వెంకటముని ఒకప్పుడు ఆమెని నమ్మాడు కూడా.

“తిరుపతి స్టేషన్, ఒకటో ప్లాట్‌ఫాం. కొనేవాడి గుర్తు గుండు, తలకి చందనం. కోడ్‌వర్డ్ ఆ సైటులో ధరణి పేజీలోనే రాసిపెట్టినారు, ఎవరైనా సదవచ్చు.”

తిరుపతిలో గుండుని గుర్తుగా పెట్టుకున్నాడంటే వాడు కచ్చితంగా విదేశీయుడే. వెంకటముని నేరుగా వెళ్లి గుండు కొట్టించుకున్నాడు.

పదకొండు యాభై తొమ్మిది. ప్లాట్‌ఫాం నిండా గుండ్లే. నల్ల కళ్లద్దాల ధరణి తికమకగా వచ్చి అతని ముందు ఆగింది.

“లగేజీ యాడ?”

“నాయుడుపేటలో దిగిపోయింది.”

లడ్డూ కవర్ అతని చేతిలో పెట్టింది. అప్పుడు గొంతు గుర్తుపట్టింది. “మునీ!” అని లాక్కోబోయింది. అసలు కొనేవాడు రెండడుగుల దూరంలో చెయ్యి చాపాడు. పక్కన కూర్చున్న నాలుగు గుండ్లు ఒక్కసారిగా లేచాయి. నలుగురూ మఫ్టీ పోలీసులే. ధరణికీ, కొనేవాడికీ బేడీలు పడ్డాయి.

“ఎందుకంత కోపం? జనాలే కదా ఇచ్చింది,” అంది ధరణి.

“కృపామణి మొగుడికిమ్మని ఎవురిచ్చినారు?”

ధరణి మొహం చూడాలంటేనే అతనికి రోత పుట్టింది.

సెల్ మోగింది. యశోదమ్మ. “పెన్ డ్రైవ్ పగలగొట్టద్దప్పా. భద్రంగా తీసుకురా. మన డిపార్ట్‌మెంటుకి పనికొస్తాదని పైవాళ్లు అడగతా ఉండారు.”

రోత రెండింతలయింది. రైలు వస్తోంది. కవర్లోంచి పెన్ డ్రైవ్ తీసి పట్టాల మీదికి విసిరాడు. ఇంజన్ దాన్ని నుగ్గు చేసి పోయింది.

“రైలు కింద పడిపోయింది మేడం.”

“ఎవురి పర్మిషన్‌తో?”

“నలభై వేలమందినీ అడిగి చెప్తాను మేడం. రిపోర్టు కొంచెం లేటవుతాది.”