పక్కన కూర్చున్నావిడ

కొండ మీద నుంచి వచ్చే బస్సు దిగి, మార్కెట్లో వంకాయలు కొనుక్కుని, లీలా ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఏజెన్సీలో పొద్దున్నుంచీ వాన. నర్సీపట్నంలో చినుకు పడలేదు గాని, ఆ తడిగాలి మాత్రం కొండ దిగి వచ్చి వీధుల్లో తిరుగుతోంది.

కొండ మీది ఆరోగ్య కేంద్రంలో ఆమె నర్సు. బదిలీ మీద వచ్చి ఏడాది దాటింది. భర్త ప్రేమరాజు, పిల్లలిద్దరూ విజయవాడలో ఉంటారు. పిల్లలు బడి నుంచి వచ్చాక, ప్రేమరాజు కంపెనీ నుంచి తిరిగొచ్చేదాకా ఫ్లాట్లో వాళ్ళిద్దరే. ఆ రెండు మూడు గంటలే లీలా ప్రాణం తోడేసేవి. అందుకని ఆ వేళంతా ఫోన్లో వాళ్ళతోనే ఉండేది.

మేడ మీది గదిలోకి వచ్చి, చెప్పులు విప్పకముందే ఫోన్ చేసింది.

"సత్యా, గడియ వేశావా?"

"వేశానమ్మా."

"గ్యాస్ నాబ్?"

"కట్టేశా. చెల్లి కాళ్ళు కడుక్కుంది. హోంవర్క్ అయిపోయింది. ఇంకేమన్నా అడుగుతావా, సినిమా పెట్టుకుందామా?"

"పెద్ద ఆరిందావయ్యావురా," అని నవ్వింది లీలా.

ఇది వాళ్ళ అలవాటు. ఇక్కడ లీలా గదిలో టీవీ, అక్కడ పిల్లల గదిలో టీవీ. యూట్యూబులో ఒకే పాత సినిమా వెతికి, అంకెలు లెక్కపెట్టి ఒకేసారి మీట నొక్కేవాళ్ళు. ఫోన్లు స్పీకర్లో పెట్టేవాళ్ళు. కొత్త సినిమాలంటే లీలాకి భయం. ఎప్పుడు ఏ సీనొస్తుందో తెలీదు. అందుకే ఎవరికీ గుర్తులేని పాతవి ఏరేది. అవి కూడా ముందు తనొక్కతే చూసి, పిల్లలకి పనికొస్తుందనుకుంటేనే పెట్టేది. ఒకే సినిమా రెండేసిసార్లు చూసి చూసి కళ్ళు మండేవి.

ఆ రోజుది నలుపు తెలుపు సినిమా. పేర్లు పడే ముక్క తెగిపోయింది. తన టీవీలో పలికిన మాటే, క్షణం ఆగి, పిల్లల టీవీలోంచి ఫోను దాటి మళ్ళీ వినపడేది. లోతైన నూతిలోకి మాట్లాడినట్టు.

"అమ్మా, ఆ కొండ ఊగుతోంది," అంది సోఫియా. "అట్టముక్క."

"వెన్నెల్లో హీరోకి రెండు నీడలున్నాయి," అన్నాడు సత్య.

"ఊరుకోండర్రా. ఆ రోజుల్లో అంతే."

"ఇంట్లో లైటుంది కదమ్మా, హీరోయిన్ దీపం పట్టుకుని మెట్లెక్కుతుందెందుకు?" అంది సోఫియా.

అప్పుడు వినపడింది. ముసలి గొంతు. వక్క నములుతూ మాట్లాడినట్టుంది.

"దీపం ఒట్టిదేనమ్మా. ఆ పిల్లకి ఏడుపే ముక్యం. ముసలాయన సచ్చిపోతే గాని మెట్లు దిగదు, సూడండి."

పిల్లలు పకపకా నవ్వారు. లీలాకీ నవ్వొచ్చింది. పక్క ఫ్లాట్లో శ్రీకాకుళం వాళ్ళు దిగారని, వాళ్ళ పెద్దావిడ వస్తుందని ప్రేమరాజు చెప్పాడు. ఆవిడే వచ్చి పిల్లల దగ్గర కూర్చుందనుకుంది. గుండెల మీద నుంచి ఎవరో బరువు దించినట్టయింది. దేవుడా, నీకు స్తోత్రం, అనుకుంది. నిజంగానే ముసలాయన చచ్చిపోయాడు. హీరోయిన్ మెట్లు దిగింది.

మర్నాడూ ఆ గొంతు వచ్చింది. ఆ మర్నాడూ. ఆవిడకి తెలియని సినిమా లేదు. విలన్ మంచివాడైపోయే సినిమాలంటే ఆవిడకి మంట. "ఒక్క తన్ను తంతే మంచోడైపోతాడా? మా ఊర్లో ఎవుడూ అవ్వలేదు." పాటల్లో హీరోయిన్ చీరలు మార్చడం నచ్చేది కాదు. ఒకసారి ఎవరో పాత టేపు నుంచి ఎక్కించిన టీవీ నాటకం చూశారు. బొమ్మ మీద గీతలు. అరగంట సేపు నలుగురు మనుషులు వరండాలో కూర్చుని మాట్లాడుకోవడమే కథ. పిల్లలకి విసుగొచ్చింది. లీలాకి మాత్రం హాయిగా ఉంది. ఒకరు చెప్పేది ముగిసేదాకా ఇంకొకరు ఆగుతున్నారు.

"ఇందులో మనుసులు కాఫీ నిజంగా తాగుతారమ్మా," అంది ఆవిడ. "తరవాతోళ్ళు కాళీ గళాసులెత్తడం మొదలెట్టారు."

ఎంత బాగా చూసింది, అనుకుంది లీలా.

ఆ శుక్రవారం వాన నర్సీపట్నానికీ దిగింది. రేకుల మీద చప్పుడు. గదిలో ఏదో వాసన... ఎన్నాళ్ళో పెట్టెలో ఉన్న బట్టలకి ఆముదం అంటుకున్న వాసన. వాన వల్ల గోడలు నానాయేమో అనుకుంది.

సినిమా సగంలో ఉండగా ఆమెకి సిగ్గనిపించింది. పాపం, ఇన్ని రోజులుగా పరాయి మనిషి తన పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటోంది.

"సత్యా, పెద్దావిడకి మంచినీళ్ళన్నా ఇచ్చావా?"

"ఎవరికమ్మా?"

"అదేరా, మీ పక్కన కూర్చున్నావిడకి."

సత్య టీవీ మోత తగ్గించాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"మా పక్కన ఎవరూ లేరమ్మా. ఆవిడ నీ పక్కన కదా ఉంది? మీ ఇంటి ఓనరనుకున్నాం."

లీలా చేతిలో వంకాయ కోస్తున్న చాకు ఆగిపోయింది.

"పక్క ఫ్లాట్ మామ్మగారు..."

"వాళ్ళు ఊరెళ్ళారమ్మా. తాళం వేసుంది."

అప్పుడు తట్టింది ఆమెకి. టీవీ మాట ప్రతిదీ రెండుసార్లు వినపడుతోంది, ఇక్కడ, తర్వాత అక్కడ. పిల్లల నవ్వు ఫోన్లోంచి గరగరలాడుతూ వస్తోంది. కానీ ఆవిడ గొంతు...

ఆ గొంతులో గరగర లేదు.

అది ఫోన్లోంచి వస్తోందో, గదిలోంచి వస్తోందో ఒక్కసారైనా చూసుకోలేదు తను.

"అమ్మా..." అంది సోఫియా. "మరి మాకు దగ్గర్నుంచే వినపడుతుందే..."

"సత్యా, మాట్లాడకు. చెల్లి చెయ్యి పట్టుకో. ఫోన్ అక్కడే వదిలెయ్. కిందకెళ్ళి వాచ్‌మన్ దగ్గర కూర్చోండి. నాన్న వచ్చేదాకా పైకి రావద్దు. బేగి వెళ్ళండి!"

తలుపు చప్పుడు. అడుగుల చప్పుడు. లీలా ఫోన్ పెట్టేసి ప్రేమరాజుకి చేసింది. "పిల్లలు కింద ఉన్నారు, వెళ్ళు, ఏమీ అడక్కు," అంది. అతను అడగలేదు. ఆమె గొంతు అలా ఉంది.

తర్వాత గదిలో ఆమె ఒక్కతే. టీవీలో సినిమా నడుస్తోంది. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ. ఖాళీ.

పారిపోవాలి. కాళ్ళు లేచాయి కూడా. కానీ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఇక్కడ లేకపోతే... అక్కడున్నట్టే కదా.

వెనక్కి వచ్చింది. చేతులు జోడించింది. ఎవరికి జోడిస్తోందో తెలీదు. ప్రార్థనలో ఎప్పుడూ రాని మాటలు నోట్లోకి వచ్చాయి.

"ఇక్కడే ఉన్నారా?"

వాన చప్పుడు.

"ఇక్కడే ఉన్నారని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను. ఒక్క మాట... నాతో మాట్లాడండి."

ఏమీ లేదు. సినిమాలో ఎవరో తలుపు తీస్తున్నారు. లీలా మోకాళ్ళ మీద కూలబడింది. కుర్చీ కాలు పట్టుకుంది. చల్లగా ఉంది.

"అమ్మా... మాట్లాడమ్మా..."

ఆముదం వాసన గుప్పుమంది.

"ఏడుస్తావేటి?" అంది గొంతు, నెత్తి మీద. "మంచి సీనొస్తంది. సూడు."

లీలా వెక్కి వెక్కి ఏడ్చింది. భయంతో కాదు. ఇక్కడుంది. పిల్లల దగ్గర లేదు. ఇక్కడుంది.

ఆ రోజు నుంచి పిల్లలతో సినిమాలు బంద్. సాయంత్రాలు వాళ్ళని కింద ఫ్లాట్ టీచరమ్మ దగ్గర ట్యూషన్‌లో పెట్టింది. సత్య అలిగాడు. "మామ్మ ఎవరో కనుక్కున్నావా?" అని అడిగితే, "ఓనరమ్మేరా, నేనే పొరబడ్డాను," అంది. పిల్లలకి అబద్ధం చెప్పకూడదని నేర్పిన మనిషే.

గది మారలేదు. తను వెళ్ళిపోతే అది ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? డ్యూటీ నుంచి రాగానే టీవీ పెట్టేది. కుర్చీ తుడిచేది. పాత సినిమా తర్వాత పాత సినిమా. జానపదాలు, ఏడుపు కథలు, ఆడని సినిమాలు, మధ్యలో ఆగిపోయిన సీరియళ్ళు. గొంతు కాస్సేపు ఆగితే చాలు, వెంటనే ఏదో ఒకటి అడిగేది.

"ఈ హీరో బాగా చేశాడంటారా?"

"ఏటి సేసాడు? మీసం సేసింది."

"ఆ తల్లి వేషం?"

"అది తల్లేటి? బిడ్డ జొరంతో పడుంటే జడ నలగలేదు."

ఒకసారి కింది వాటాలో ఉండే ఇంటావిడ కొండలమ్మ మెట్ల మీద ఆపింది. "ఏటమ్మా లీలా, రోజూ అంతసేపు ఎవురితో మాటాడతావు? మొకం సూడు, పీక్కుపోయింది."

"ఫోనండీ. పిల్లలతో."

"మరి ఓ గొంతే ఇనపడతాదేటి? పిల్లలు పలకరేటి?"

లీలా గబగబా మెట్లెక్కింది. నిద్ర లేక కళ్ళ కింద నల్లబడింది. ఆస్పత్రిలో ఒకరికి వేయాల్సిన సూది ఇంకొకరికి వేయబోయి, చివరి క్షణంలో ఆగింది. అయినా ఇంటికి రాగానే టీవీ పెట్టింది. పిల్లలు అక్కడ క్షేమంగా ఉన్నారు. అది చాలు.

ఒక సోమవారం ట్యూషన్ లేదు. టీచరమ్మ పెళ్ళికెళ్ళింది. పిల్లలిద్దరే ఇంట్లో ఉన్నారు. గడియ వేసుకోండి, నేను, నాన్న తప్ప ఎవరు చేసినా ఫోన్ ఎత్తకండి అని లీలా పదిసార్లు చెప్పింది. ఇక్కడ ఆవిడ కోసం చక్కటి నవ్వుల సినిమా వెతికి పెట్టింది. ఇద్దరు తిండిపోతులు పెళ్ళి భోజనంలో దూరే కథ. ఆవిడ మంచి హుషారులో ఉంది. నవ్వుతోంది. కుర్చీ కిర్రుమంటోంది.

"ఈడు తినడం సూడు. ఆకలితో ఉన్నోడు అలా తినడు. ఆకలితో ఉన్నోడు..."

గొంతు ఆగింది.

"ఆకలితో ఉన్నోడు?" అంది లీలా గబగబా. "చెప్పండి. ఎలా తింటాడు?"

"ఉండమ్మా," అంది గొంతు, లేవబోతూ అన్నట్టు. "పిల్లలు పిలుస్తన్నారు."

కుర్చీ ఒకసారి కిర్రుమంది.

ఆముదం వాసన తగ్గింది. ఇంకా తగ్గింది. పోయింది.

"ఎక్కడికి? ఆగండి! సినిమా అవ్వలేదు... ఇంకోటి పెడతాను... ఆగండి!"

ఫోన్ తీసింది. సత్య నంబరు నొక్కింది. బిజీ. మళ్ళీ నొక్కింది. బిజీ. ప్రేమరాజుకి చేసింది.

"నువ్వు పిల్లలతో మాట్లాడుతున్నావా?"

"లేదే. దారిలో ఉన్నాను. ఇంకో అరగంట పడుతుంది. ఏమైంది?"

ఆమె పెట్టేసింది. మళ్ళీ సత్య నంబరు.

టీవీలో తిండిపోతు జారిపడ్డాడు. పెళ్ళివాళ్ళందరూ నవ్వుతున్నారు. పక్క కుర్చీలోంచి నవ్వు రాలేదు. లీలా ఫోన్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకుంది.

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి," అంది ఫోన్లో ఆడగొంతు, ఎప్పటిలాగే మర్యాదగా, "ప్రస్తుతం వేరొకరితో మాట్లాడుతున్నారు."